పాలచెంబు కడిగిన నీళ్లు... ఖాలా ముళ్ల మొక్క

మా చిన్నప్పుడు... గౌలిపురలో మా వాకిట్లో పొద్దస్తమానం ఏదో ఒకటి కడుగుతూనే ఉండేవారు. బర్రెలు, కొట్టం, పాలచెంబులు... పాలమ్ముకునే ఇల్లు కదా! పాలచెంబు తొలి కడుగు నీళ్లు మాత్రం మురుగు మోరీలో పొయ్యకూడదు. లక్ష్మిని తొక్కినట్టని మా నానమ్మ పట్టింపు. ఆ తెల్లటి నీళ్లు తులసికో, మల్లెచెట్టుకో పొయ్యాల్సిందే.

ఆ నీళ్లే నా కొంప ముంచాయి.

పక్కింటి హమీదాను ఖాలా... అంటే పిన్నీ అని పిలిచేదాన్ని. ఆమె దగ్గర ఒక ముళ్ల మొక్క ఉండేది. గుండ్రంగా, చెంబంత లావు, ఒళ్లంతా పసుపుపచ్చ ముళ్లు... చుట్టూ కోడిపిల్లల్లా చిన్న చిన్న పిలకలు. చనిపోయిన వాళ్లమ్మ పెంచిన మొక్క. అమ్మ గుర్తుగా ఖాలాకు మిగిలింది అదొక్కటే.

ఒక వానాకాలం, కూతురి కాన్పుకని గుల్బర్గా వెళ్తూ ఖాలా ఆ కుండీని తెచ్చి నా చేతిలో పెట్టింది. పెద్దవాళ్లకెవరికీ ఇవ్వలేదు... నాకిచ్చింది! బడికి పోని పిల్లనని, బర్రెల వెంట తిరిగేదాన్నని అనుకోలేదు.

"బేటీ, మట్టిల వేలు పెట్టి చూడు. లోపల దాంక ఎండినంకనే నీళ్లు. తడి తగిలిందా... ముట్టకు. వానల తడవనియ్యకు. వెలుతురు మస్తుగుండాలె."

"మరి ఎరువు ఖాలా?"

"ఎండలు మొదలైనప్పుడు మాగిన పెంట చిటికెడు ఏసిన. గంతే, సాలు. దీనికి లాడ్‌ప్యార్, గారాబం ఎక్కువైతె సస్తది."

ఆ కుండీలో మట్టి కూడా వేరే. ఇసుక, దంచిన ఇటుక ముక్కలు, పిడికెడు ఎర్రమట్టి... అడుగున చిల్లు, దాని మీద పెంకు ముక్క. పోసిన నీళ్లు పోసినట్టే కిందికి దిగిపోయేవి.

కుండీ ఇంట్లోకి రాగానే నానమ్మ గయ్‌మంది. "ముండ్ల చెట్టు ఇంట్లేంది పోరీ? లొల్లి పుడ్తది, అవుతల పెట్టు!"

అట్లా తిట్టిన మనిషే... నాలుగు రోజులు పోయాక కుండీ ముందు కూర్చుని జాలి మొదలుపెట్టింది. "పాపం, నోరు లేనిది. గా ఇసుకల ఏముందని తింటది? మనింట్ల ఎండిపోతె హమీదమ్మకు ఏం మొఖం చూపిస్తం?"

"నీళ్లు పొయ్యొద్దన్నది నానమ్మా!"

"నువ్వు పుట్టకముందుకెల్లి చెట్లు వెంచుతున్న. నాకు చెప్పొస్తివా?"

ఎంత అరిచినా ఒక్కరు వింటేనా! నేను పాలు పొయ్యడానికి వీధిలోకి వెళ్లగానే నానమ్మ పాలచెంబు నీళ్లు పోసేది. నానమ్మ పోసిందని తెలియక అమ్మ ఇంకో గ్లాసు పోసేది. బాపు అయితే పచ్చిపేడ తెచ్చి మొక్క మొదట్లో కుప్ప పెట్టాడు. "బర్రెలున్న ఇంట్ల ఉపాసముంటదా ఏంది?" అని నవ్వాడు కూడా. నేను ఆ పేడ తీసి పారేస్తే మళ్లీ పెట్టాడు. కుండీని అటక కింద దాస్తే నానమ్మ తెచ్చి తులసి పక్కన పెట్టింది... వానలో!

మొదట్లో మొక్క ఉబ్బి నిగనిగలాడింది. "చూసినవా, ఎట్ల ఒళ్లు చేసిందో!" అని నానమ్మ వాకిట్లోకి వచ్చినవాళ్లందరికీ చూపించింది. ఆ తర్వాత ఒక పొద్దున అది ఒక పక్కకు ఒరిగి ఉంది. మొదలు ముట్టుకుంటే వేలు లోపలికి దిగిపోయింది. విరిగిన పాల కంపు...

"ఆయుష్షు తీరింది, ఎవలేం జేస్తం?" అంది నానమ్మ. అంతే! తప్పు ఎవరిదీ కాదు, ఆయుష్షుది!

ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ ఒంట్లో ఉంది.

కూరగాయల చాకు తీసుకుని పిలకలు ఒక్కొక్కటే కోశాను. ఏది కోసినా లోపల గోధుమరంగే... కుళ్లు. పైన అంచున ఉన్న ఒక్క పిలక మాత్రం తెల్లగా, శుభ్రంగా తెగింది. కోసిన చోట తోలు కట్టేదాకా గూట్లో నీడన ఆరబెట్టాను. ఇసుక కడిగి ఎండబోసి, కొత్తగా ఇటుక దంచి, పొడి మట్టిలో నిలబెట్టాను. నానమ్మ చెంబుతో వస్తే రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాను. బాపు వీపు మీద ఒక్కటిచ్చాడు... అయినా జరగలేదు.

ఖాలా తిరిగి వచ్చేసరికి అది వేరు పట్టింది. బొటనవేలంత మొక్క. నేను నోరు తెరిచేలోపే నానమ్మ ఎదురెళ్లింది. "ముసలిది పోయింది గని బిడ్డా, మా పేడ బలానికి పిల్ల నిలవడ్డది!"

ఖాలా కుండీ మీదికి వంగింది. మట్టిలో వేలు పెట్టి చూసింది. పొడిగా ఉంది. తలెత్తి నా మొహంలోకి చూసింది. "నువ్వు మంచిగనే చూసుకున్నవ్ బేటీ. నీ మాట ఇనే ఇల్లు కాదని నాకు ఎరుక లేకపాయె..." అని కుండీని కొంగులో పొదువుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడు ఊరెళ్లినా ఆ మొక్కను వెంట తీసుకునే వెళ్లింది. నా చేతిలో పెట్టలేదు.

ఇప్పుడు మా కోడలు అడుగున చిల్లు లేని గాజు గిన్నెలో ముళ్ల మొక్క పెట్టుకుని, పొద్దున్నే దాని మీద నీళ్లు చిలకరిస్తోంది. వద్దంటే "మీకు తెల్వదత్తమ్మా" అంటోంది! ఇంట్లో మనిషి చెబితే వినరు, ఫోన్‌లో ఎవరో చెబితే వింటారు. అందుకే మనవరాలి చేత రాయించి ఫోన్‌లోనే పెట్టిస్తున్నాను. మట్టి ఎండనివ్వండి. ఆకలేస్తుందని పచ్చిపేడ కుక్కకండి. వదిలెయ్యండి దాన్ని!

మేముండే ఈ మూడో అంతస్తులో ఊరెళ్లేవాళ్లు తలుపుకు తాళం వేసుకుని గప్‌చుప్‌గా వెళ్లిపోతారు... పక్కింటి తలుపు కొట్టి "ఇది జర చూడు బేటీ" అనేవాళ్లే లేరు. మీరు ఊరెళితే మీ మొక్కను ఎవరి చేతిలో పెడతారు? పెట్టేంత నమ్మకమున్న మనిషి ఒక్కరైనా ఉన్నారా... చెప్పండి, మనవరాలు చదివి వినిపిస్తుంది.