నందిగామ రేకుల షెడ్డులో చాప బేరం

మా నాన్నది జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు. అందులో పెరిగినదాన్ని కాబట్టి, చెప్పిన ధరకి ఏదైనా కొనడమంటే నాకు పరువు తక్కువ. ఈ విద్యతో జీవితంలో చాలా సంపాదించుకున్నాను, ముఖ్యంగా శత్రువుల్ని.

మొన్న దసరాకి అక్కకి తోడుగా బెజవాడ కొండకి నడిచాను. కొడుకు ఆపరేషన్ గట్టెక్కితే పేట నుంచి బండెక్కకుండా వస్తానని అక్క మొక్కుకుంది. వాడు గట్టెక్కాడు. అక్క అరికాళ్లు మాత్రం మొదటి రోజు సాయంత్రం నందిగామ చేరేసరికే బొబ్బలెక్కాయి. ఆ పూట వాటికి సుఖం దొరక్కపోతే మర్నాడు నడవలేదు, మొక్కు తీరదు.

ఊరి మొదట్లో ఒక లారీ డ్రైవరు భార్య, పత్తి తీతలు మొదలయ్యేదాకా ఖాళీగా ఉండే రేకుల షెడ్డుని నడిచేవాళ్లకి బసగా ఇస్తోంది. తలమీద కొంగు సర్దుకుని, "మనిషికి యాభై అండి" అంది.

"యాభయ్యా! ఈ డబ్బుకి ఏసీ గది వస్తుందమ్మా" అన్నాను. ఎక్కడ వస్తుందో నన్నడక్కండి.

"చాప, దిండు, ఫ్యానండి. కాళ్లకి ఉప్పేసిన వేడినీళ్లండి."

"ముప్ఫై చెయ్యమ్మా."

"చేస్తానండి. దిండుండదు."

"ఇరవై."

"ఫ్యాను లేని మూలన పడుకోవాలండి."

"పదిహేను. ఇద్దరం ఉన్నాం, చూసుకో."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "సరేనండి. వేడినీళ్లు తీసేస్తా."

"తీసెయ్!" అన్నాను, గెలిచిన ఊపులో.

గుమ్మంలో కూలబడ్డ అక్క తలెత్తింది. "నా కాళ్లు నువ్వెప్పుడు కొన్నావే, ఇంత చవగ్గా అమ్మేశావ్?"

మూల చాప మీద అక్క కాళ్లు చాపుకుని, పళ్లు బిగబట్టి కూర్చుంది. ఎదురుగా కోదాడ నుంచి వచ్చిన ఒకాయన, అడిగినంతా ఇచ్చేసిన అమాయకుడు, పొగలొచ్చే టబ్బులో పాదాలు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వ్యాపారం తెలియనివాళ్లకే ఇలాంటి సుఖాలు రాసిపెట్టి ఉంటాయి.

లేచి ఆవిడ దగ్గరికి వెళ్లాను. "అమ్మా, ఆ యాభయ్యే తీసుకో. నీళ్లు పెట్టు."

"పొయ్యి ఆర్పేశానండి."

"అరవై." నా మీద నేనే పాట పెంచుకోవడం అదే మొదటిసారి.

"డబ్బులకి పొయ్యి అంటుకోదు కదండీ. పత్తికట్టె అదిగో, ఊదుగొట్టం ఇదిగో."

ఊదాను. ముక్కులోంచి, కళ్లలోంచి నీళ్లు కారాయి గానీ గిన్నెలో నీళ్లు కాగడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ వచ్చి ఉప్పు వేసి, అక్క పాదాలు తనే ఎత్తి టబ్బులో పెట్టింది. "మొక్కు కాళ్లమ్మా, నెమ్మదిగా" అంది. తర్వాత కొబ్బరినూనె రాసి, మెత్తటి పాత చీరె చింపి కట్టింది. వాటికి ధర అడగబోయి, అక్క చూపు చూసి ఊరుకున్నాను.

పొద్దున్నే అక్క గోడ పట్టుకుని లేచింది. నాలుగడుగులు వేసి గోడ వదిలేసింది. ఇంకో నాలుగు వేసి నవ్వింది.

"ఈ రాత్రి కంచికచర్లలో బసకి నేను మాట్లాడతా. నువ్వు సంచులు పట్టుకుని వెనకాల నుంచో."

నుంచున్నాను. సాయంత్రం అక్కడ వాళ్లు చెప్పిన ధరకి అక్క మారుమాట లేకుండా తలూపింది. నేను అటు తిరిగాను, కొన్ని ఘోరాలు కళ్లతో చూడలేం.