రోములో మేం విడిచిన బూట్లు

ఆదివారం పొద్దున, అక్కడి గడియారంలో తొమ్మిదీ పది. రోము నగరంలో నీళ్లు చిమ్మే ఒక పాత ఫౌంటెన్ పక్కన మా పన్నెండు మందినీ నిలబెట్టి, చెవిలో పెట్టుకునే మిషన్ తలా ఒకటి ఇచ్చారు. ముందు ఎర్ర గొడుగు పట్టుకుని ఆ ఊరి గైడమ్మ. ఆమె ఇంగ్లీషులో చెబుతుంటే, కరీంనగర్ నుంచి మమ్మల్ని తీసుకొచ్చిన టూర్ మేనేజరు ఆ మాటనే తెలుగులో మా చెవుల్లో వేస్తాడు. గొడుగు ఎటు పోతే అటు నడవాలి, ఎవరి కోసమూ ఆగేది లేదని ముందే చెప్పాడు.

నేను పోయింది నా చెల్లె కోసం. ఆమె ముప్పై ఏండ్లు సర్కారు బడిలో సోషల్ చెప్పింది. రోము పాఠం వచ్చినప్పుడల్లా కొలోసియం అనే ఆ గుండ్రటి కట్టడాన్ని బోర్డు మీద సుద్దతో గీసేది. జనం కూచునే మెట్లు, రాజు కూచునే చోటు, అడుగున మృగాలను ఉంచే గదులు, అన్నీ గీసేది. చూడనిదాన్ని చూసినట్టు చెబుతున్నానని ఆమెకు లోపల ఒక సిగ్గు ఉండేది. ఒక్కసారి లోపల నిలబడి చూస్తే చాలు అనేది. రిటైరయ్యాక ఈ టూరు పెట్టుకున్నది అందుకే. ఆమె భర్తకు విమానమంటే భయం, అందుకని నన్ను రమ్మంది. ఆమె బడికి పోతున్న రోజుల్లో నేను మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూచున్నవాణ్ని. నలభై నాలుగేళ్లు నిండాక నాతో అఆలు దిద్దించింది ఆమే. కాదనడానికి నాకు నోరు రాలేదు.

అందరికీ కలిపి ఒకటే టికెట్టు, అది గైడమ్మ దగ్గర. పదకొండూ నలభైకి కొలోసియం గేటు దగ్గర ఉండాలి. తప్పితే ఆ రోజుకు మళ్లీ దొరకదు. మర్నాడు పొద్దున్నే మా బస్సు ఇంకో ఊరికి పోతుంది.

దాన్ని నడక అన్నారు గానీ, అది తరమడం. ఒక స్తంభం ముందు నాలుగు నిమిషాలు, ఒక విరిగిన గోడ ముందు మూడు. ఏ రాజు కట్టించాడో చెబుతుంది, రాళ్లు ఎవరు మోశారో చెప్పదు. అడగమంటే మేనేజరు టైం లేదన్నాడు. వీధి నిండా పిడికిలంత నల్లరాళ్లు, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. మోకాళ్ల డాక్టరు ప్రత్యేకంగా మెత్తలు పెట్టించిన బూట్లు ఉన్నాయి కాబట్టి చెల్లె నడవగలిగింది.

పదీ పావుకు ఒక పాత చర్చికి తీసుకుపోయారు. అందరూ బూట్లతోనే లోపలికి పోతున్నారు. నాకు కాలు ముందుకు పడలేదు. వేములవాడలో గుడికి పోయినా, దర్గాకు పోయినా చెప్పులు బయటే. మా వాడలో చర్చికి పోయేవాళ్లు కూడా గడప ఇవతలే విడుస్తారు. నేను విప్పాను. చెల్లెనూ విప్పమన్నాను.

"ఈడ ఎవ్వరు ఇడుస్తలేరన్నా," అంది.

"ఎవ్వరు ఇడువకపోతే మనం గూడ ఇడువద్దా? పిల్లలకు చెప్పిన టీచరువు, నీకు నేను చెప్పాల్నా?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆమె వంగి బూట్లు విప్పింది. ఒకటి జారిపోకుండా నాలుగు బూట్ల తాళ్లూ కలిపి మగ్గం మీద పోగుకు వేసే ముడి వేశాను. ప్లాస్టిక్ కవరులో పెట్టి, తలుపు పక్క స్తంభం వెనక ఉంచాను.

లోపల పది నిమిషాలు కాలేదు, గొడుగు పక్క తలుపు నుంచి ఇంకో సందులోకి పోయింది. మేమూ దాని వెనకే పోయాం, రాయి అరికాలికి తగిలాక గానీ బూట్లు గుర్తు రాలేదు. చుట్టూ తిరిగి ముందు తలుపు దగ్గరికి వచ్చేసరికి స్తంభం వెనక ఏమీ లేదు. అక్కడున్న చర్చి మనిషిని చెల్లె ఇంగ్లీషులో అడిగింది. ఎవరిదో తెలియని కవరని తీసి లోపలి గదిలో పెట్టారట. పదిన్నరకు ఆదివారం ప్రార్థన మొదలవుతుంది, అది అయ్యేదాకా ఆ గది వైపు ఎవర్నీ పోనివ్వరట. మేనేజరుకు ఫోన్ చేస్తే, ఆగడం తన చేతిలో లేదన్నాడు, టైముకు గేటు దగ్గరికి వచ్చేయమన్నాడు.

చర్చి మెట్ల మీద కూచున్నాం. లోపల పాట మొదలైంది. వేరే చెప్పులు కొనుక్కుని పొమ్మన్నాను. మెత్తలు లేకుండా ఆ రాళ్ల మీద పది అడుగులు కూడా వెయ్యలేనంది. అయితే కారులో పో, నేను బూట్లు పట్టుకుని వెనక వస్తానన్నాను.

"ఎట్ల వస్తవ్?"

"అడుక్కుంట వస్త."

"ఏ భాషల అడుగుతవ్? బోర్డులు సదువుకుంట వస్తవా? తప్పిపోతే నిన్ను యాడ దేవులాడాలె? కూసో."

నాకు కోపం వచ్చింది. కరీంనగర్ బస్టాండులో ఏ బస్సు ఎటు పోతుందో ఇరవై ఏళ్లుగా నేను ఎవర్నీ అడగలేదు. ఎదురుగా గోడ మీద నీలం రంగు పలక ఉంది, ఆ వీధి పేరై ఉంటుంది. అందులో ఒక్క అక్షరం నాకు రాదు. కోపం ఇంకా పెరిగింది. ఆమె చేతి గడియారం చూడటం, నేను చూడనట్టు కూచోవడం. అట్లా గంట సేపు.

పదకొండూ ముప్పై అయిదుకు కవరు చేతికొచ్చింది. నేను వేసిన ముడి నా వేళ్లకే రాలేదు. చెల్లె పంటితో లాగి విప్పింది. కారు దొరికి గేటు దగ్గరికి చేరేసరికి పన్నెండూ అయిదు. గేటు మనిషి గడియారం చూపించి తల అడ్డంగా ఊపాడు. ఆ రోజు టికెట్లన్నీ అయిపోయాయన్నాడు. మేనేజరు ఫోన్ ఎత్తలేదు. చెల్లె ఇనుప కంచె పట్టుకుని కమానుల్లోంచి లోపలికి చూసింది. అక్కడినుంచి కనిపించేది ఇంకో గోడ.

ఒంటిగంటకు మావాళ్లు బయటికి వచ్చారు. మేనేజరు క్షమించమనలేదు, నీళ్ల సీసా ఇచ్చాడు. నిర్మల్ నుంచి వచ్చిన తహసీల్దారు పాపం మంచి మనసుతోనే ఫోన్లో ఫోటోలు చూపించాడు. చెల్లె పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసింది. ప్రతి దాంట్లోనూ ఆయన భార్య నిండుగా నిలబడి ఉంది, వెనక కాస్త రాయి.

"కింది గదులు నేను గీసినట్టే ఉన్నయా అన్నా?" అని అడిగింది నన్ను.

తెలియదన్నాను.

"ముప్పై ఏండ్లు తప్పే గీసిన్నో, సరిగ్గనే గీసిన్నో. అదొక్కటి సూద్దామనుకున్న," అని ఫోన్ ఆయనకు ఇచ్చేసింది. బస్సు వైపు నడిచింది. నేను తప్పైందని అనాలి. అనలేదు. ఇప్పటికీ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఈ కాగితం ముందుగా ఆమే చదువుతుంది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: నిర్మల్ తహసీల్దారు, ఆయన భార్య, చెన్నూరు పత్తి వ్యాపారి, ఆయన అన్న, ఇద్దరి భార్యలు, పెద్దపల్లి నర్సు, ఆమె అత్త, మంచిర్యాల బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన ఇద్దరు దోస్తులు, టూర్ మేనేజరు, గైడమ్మ. వీళ్లంతా లోపలికి పోయి చూశారు. చర్చి మనిషి ఒకడు, గేటు మనిషి ఒకడు. నా చెల్లె. ఆమెతో బూట్లు విప్పించిన నేను.