మా బావ ఒప్పుకున్న నిద్ర

మా బావ నిద్రపోయానని ఎన్నడూ ఒప్పుకున్న మనిషి కాదు. గురక పెడుతుండగా తట్టి లేపినా, కళ్ళు తెరవకముందే "నిద్రపోలేదు, వింటున్నాను" అనేవాడు. మామూలు మనిషికైతే ఇది చిన్న జబ్బు. మా బావ హ్యామ్ రేడియో పోటీల మనిషి కాబట్టి పెద్ద జబ్బే అయింది.

ఆ పోటీలేమిటో తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. నలభై ఎనిమిది గంటలు రేడియో ముందు కూర్చోవాలి. ఎక్కడెక్కడో మనలాగే సరదాకి సొంత రేడియో పెట్టుకున్న స్టేషన్లవాళ్ళను పిలవాలి, వాళ్ళ గుర్తింపు అక్షరాలు రాసుకోవాలి, అది మనకు ఎన్నో పలకరింపో ఆ వరస నంబరు చెప్పాలి, వెంటనే తర్వాతివాణ్ణి పిలవాలి. ఎక్కువమందిని పలకరించిన క్లబ్బుకు షీల్డు. షీల్డంటే అరచేయంత చెక్క మీద ఇత్తడి రేకు. దానికోసం బట్టతలలవాళ్ళు రెండు రోజులు నిద్ర మానుకుంటారు.

నిద్ర ఆపుకోవడానికి బావ చేయని పని లేదు. బకెట్లో చన్నీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకునేవాడు. నాలుక కింద నిమ్మచెక్క ఉంచుకునేవాడు. ఒక ఏడు స్టూలుకు ఒక కాలు కావాలనే పొట్టిగా కోయించాడు, కునికితే పడేటట్టు. పడ్డాడు కూడా. పడ్డవాడు లేవలేదు.

క్లబ్బుకు క్యారియరు తెచ్చిన మా అక్క చూసి, "కింద ఎందుకండీ, ఇంట్లో మంచం ఉందిగా?" అంది.

"పడుకోలేదు. వైరు వదులైందేమోనని చూస్తున్నాను" అన్నాడు బావ, బోర్లా పడుకునే.

పోటీ మర్నాడు ఆయన దుకాణం తెరవకపోతేనే ఊరికి క్షేమం. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఒకసారి ఒక లెక్కల టీచరమ్మ కళ్ళ పరీక్షకు వచ్చింది. గోడ మీది అక్షరాలు ఆవిడ చదువుతుంటే బావ శ్రద్ధగా కాగితం మీద రాసుకున్నాడు.

"ఆఖరి అక్షరం అందలేదు, మళ్ళీ చెప్పండి."

"జెడ్ అండీ."

"అందింది. మీ గొంతు స్పష్టంగా ఉంది. మా నంబరు ఎనిమిది వందల పదహారు. ఉంటాను."

ఆవిడ దాన్ని కళ్ళద్దాల పవర్ అనుకుంది. "అంత ముదిరిందా బాబూ?" అని కుర్చీలో కూలబడింది. ఆవిడకు నచ్చజెప్పేసరికి, దుకాణంలో సాయానికున్న నాకు తలప్రాణం తోకకొచ్చింది.

"నిద్రలో మాట్లాడావు బావా" అన్నాను, ఆవిడ వెళ్ళాక.

"కళ్ళ సంగతి నాకు చెబుతున్నావా? కళ్ళు మూసుకోవడం వేరు, నిద్ర వేరు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

మా క్లబ్బుకు అధ్యక్షుడు రిటైరైన పోస్ట్‌మాస్టర్ గారు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. డ్యూటీలో నిద్రపోయినవాడికి మరుసటి ఏడు టీములో చోటు లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ నియమం బావ జోలికి రాలేదు. చచ్చినా ఒప్పుకోనివాణ్ణి ఏమని పట్టుకుంటారు?

నేను మూడేళ్ళు తంటాలుపడి, లైసెన్సు తెచ్చుకుని, మొదటిసారి టీములో కూర్చున్నాను. అంతకుముందు చదువులోనూ ఉద్యోగంలోనూ ఎక్కడా నిలదొక్కుకోలేదు. ఇందులోనైనా నిలవాలని నాకు చాలా ఉండేది.

రెండో రోజు మధ్యాహ్నం రెండింటికి నా వంతు. బావ క్లబ్బు మేడ దిగి భోజనానికి వెళ్ళాడు. కిటికీలోంచి ఎండ వెచ్చగా మెడ మీద పడుతోంది. రెండుంపావుకు ఎవరికో నంబరు చెప్పడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది, బావ నా తల మీంచి హెడ్‌ఫోన్లు తీస్తుండటం. గడియారంలో మూడు కావస్తోంది.

"బావా, నేను..."

"మొహం కడుక్కుని రా. ముందు కుర్చీ ఇవ్వు" అని తనే కూర్చుని పిలవడం మొదలుపెట్టాడు.

నెల తర్వాత ఫలితాలు వచ్చాయి. తొమ్మిదంటే తొమ్మిది స్టేషన్ల తేడాతో షీల్డు పోయింది. పోస్ట్‌మాస్టర్ గారు అందరినీ కూర్చోబెట్టి, స్టేషన్లు రాసుకున్న కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ ఒకచోట ఆగారు.

"రెండుంపావు నుంచి మూడు దాకా ఒక్క స్టేషనూ లేదు. ఆ వేళ కుర్చీలో ఎవరున్నారు?"

నేను లేచి నిలబడబోయాను. బావ నా భుజం మీద చేయి వేసి నన్ను కూర్చోబెట్టి, దాన్నే ఆసరా చేసుకుని తను లేచాడు.

"నేనేనండీ. వీణ్ణి భోజనానికి పంపాను. నిద్రపోయాను."

పోస్ట్‌మాస్టర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "సరిగ్గా అందలేదు, మళ్ళీ చెప్పండి" అన్నారు.

"నిద్రపోయానండీ" అన్నాడు బావ, ఈసారి గట్టిగా.

ఇరవై రెండేళ్ళ నవ్వు ఒక్కసారిగా పేలింది. నియమం నియమమే కాబట్టి బావ చోటు పోయింది. వారం తర్వాత నేను వెళ్ళి నిజం చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. "బావగారి మీద నీకెంత ప్రేమయ్యా!" అని పైగా మెచ్చుకున్నారు.

"ఎందుకలా చెప్పావు బావా? ఇన్నేళ్ళూ ఒక్కసారైనా ఒప్పుకోలేదు కదా!" అని అడిగాను ఇంటికొచ్చి.

"నిజంగా నిద్రపోయినప్పుడు నోరు రాదురా" అన్నాడు. "ఆరోజు నేను పోలేదుగా, తేలిగ్గా వచ్చేసింది."

నాకు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. మొదటిసారే నా చోటు పోతే మళ్ళీ క్లబ్బు మెట్లెక్కనని ఆయనకు తెలుసు.

మరుసటి ఏడు పోటీకి బావ పేరు లేదు. అయినా రెండో రోజు మధ్యాహ్నం రెండింటికి క్లబ్బుకు వచ్చాడు. కుర్చీలో కూర్చోకూడదన్నారు గానీ పక్కన కూర్చోకూడదని ఎవరూ అనలేదని వాదించి, ముక్కాలి పీట లాక్కుని నా పక్కన చేరాడు. "నువ్వు పని చూసుకో, నీకు నిద్ర రాకుండా నేను చూస్తుంటాను" అన్నాడు.

పది నిమిషాల్లో ఆయన తల నా భుజం మీద వాలింది. నేను కదలకుండా, గొంతు తగ్గించి నంబర్లు చెప్పుకుంటూ పోయాను. ఆ రెండు గంటల్లో అవతలి స్టేషన్లవాళ్ళు చాలామంది గట్టిగా మాట్లాడమని విసుక్కున్నారు, ఇద్దరు వదిలేసి వెళ్ళిపోయారు. నేను మాత్రం గొంతు పెంచలేదు.