ముందు గది గురించి నేను అన్న మాట

ఇది ఎవరికీ చెప్పలేదు. మావారికి చెప్పలేదు. మా అమ్మ ఉన్నన్నాళ్లూ ఆమెకీ చెప్పలేదు. బరువు అంటారు గానీ, నాకది రోజూ తెలిసే బరువు కాదు. పనుల్లో పడితే నెలల తరబడి గుర్తే ఉండేది కాదు. కొత్తవాళ్లెవరైనా ఇంటికొచ్చి, ఇల్లు బాగుందండీ, ఎలా దొరికింది అని అడిగినప్పుడు మాత్రం గుర్తొచ్చేది. అప్పుడు ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేదాన్ని. అదృష్టమండీ, అని.

అదృష్టం కాదు. నేనొక మనిషి గురించి ఒక మాట అన్నాను. దాంతో ఆమెకు రావలసిన ఇల్లు మాకు వచ్చింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో మేం గుంటూరు బ్రాడీపేటలో అద్దెకుండేవాళ్లం. ఒక డాబా వెనకవైపు రెండు పోర్షన్లు. ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో సుగుణ, ఆమె భర్త ప్రసాదుగారు. మధ్యన ఒక గోడ. ఇద్దరికీ కలిపి ఒక కుళాయి. మావారూ ప్రసాదుగారూ ఊరి బయట ఒకే నూలుమిల్లులో పని. సుగుణ మా వీధి చివర క్లినిక్కులో నర్సు. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని.

ఆ పోర్షను వాళ్లకు ఇప్పించింది మావారే. అంతకుముందు వాళ్లు చాలా ఇళ్లు తిరిగారు. గదులు చూపిస్తారు, అద్దె మాట్లాడతారు, చివర్లో "మీరేమిటోళ్లమ్మా" అని అడుగుతారు. చర్చికి వెళ్లేవాళ్లమని చెప్పగానే, మా తమ్ముడొస్తానన్నాడనో, రంగులు వేయించాలనో ఏదో ఒక వంక చెబుతారు. సుగుణ ఇవన్నీ నాకు నవ్వుతూనే చెప్పేది. నవ్వుతూ చెప్పినా ఎక్కడెక్కడ ఎవరెవరు ఏమన్నారో ఒక్కటీ మరిచిపోలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి మాట ఎంత తేలిగ్గా పనిచేస్తుందో నాకు ముందే తెలుసు. తెలియక అన్నానని అనుకోవద్దు.

మంచి మనిషి సుగుణ. మా అమ్మాయికి టైఫాయిడ్ వచ్చినప్పుడు, డ్యూటీ దిగి వచ్చి తన తాళం తీయకముందే మా ఇంట్లోకి వచ్చి నుదురు మీద చెయ్యి పెట్టి చూసేది. పిల్ల లేచి తిరిగేదాకా అలాగే చేసింది. నన్ను అక్కా అనేది. నాకు సొంత చెల్లెళ్లు లేరు.

అవి బాగున్న రోజులు కావు. పల్లెల్లో పత్తిని పురుగు తినేసి రైతులు అల్లాడిపోతున్నారు. పట్నంలో మిల్లులు ఒక్కొక్కటే షిఫ్టులు తగ్గించాయి. మావాళ్ల మిల్లు అమ్మేస్తారని ఒకరు, మూసేస్తారని ఒకరు, కొత్త యజమాని వస్తున్నాడని ఇంకొకరు. మావారు డ్యూటీ నుంచి రాగానే నేను మొహం చూసేదాన్ని. ఆ రోజు ఏం విన్నారో మొహంలోనే తెలిసిపోయేది. ఇదిలా ఉండగా మా ఇంటి ఓనర్లు డాబా పడగొట్టి పైకి కడతామని, వేసవిలోగా ఇద్దరూ ఖాళీ చేయాలని చెప్పారు.

సొంత ఇల్లు అప్పుడే కొనాలన్న ఆలోచన ఎందుకొచ్చిందంటే, బ్యాంకు లోను ఇచ్చేది జీతం స్లిప్పు చూసి. మిల్లు నడుస్తున్నంతసేపే ఆ స్లిప్పుకు విలువ. మూతపడితే ఇక మమ్మల్ని గుమ్మంలోకి కూడా రానివ్వరు. ఈ సంగతి మాకు తెలుసు, సుగుణవాళ్లకూ తెలుసు. నాలుగు నెలలుంటుందో, ఏడాదుంటుందో ఎవరికీ తెలియని ఉద్యోగాన్ని చూపించి జీవితమంతా ఉండే ఇల్లు కొనాలి. ఇప్పుడు రాస్తుంటే వింతగా ఉంది గానీ అప్పుడది మామూలు లెక్కలాగే అనిపించింది.

ఇల్లు ముందు దొరికింది సుగుణకే. రాజ్యలక్ష్మిగారని రిటైరైన టీచరు ఒకావిడ, అమరావతి రోడ్డు వైపు కొత్త కాలనీలో ఒంటరిగా ఉండేవారు. చక్కెర జబ్బు. కాలికి పుండు పడితే సుగుణే రోజూ సాయంత్రం వెళ్లి కట్టు కట్టి వచ్చేది. ఆవిడకు జాకెట్లు కుట్టమని నా దగ్గరికి తీసుకొచ్చింది కూడా సుగుణే. ఆవిడ ఒంగోలులో కూతురి దగ్గరికి వెళ్లిపోదామనుకుని, ఇల్లు సుగుణకు ఇస్తానన్నారు. లాభం చూసుకోలేదు. ఇంట్లో కాపురముండేవాళ్లకే ఇస్తాను, కొని అమ్ముకునేవాళ్లకు ఇవ్వను అన్నారు. అలాంటి ధరకు ఇల్లు గుంటూరులో మళ్లీ దొరకదు. సుగుణకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒక ఆదివారం సుగుణ నన్ను ఆ ఇల్లు చూడటానికి తీసుకెళ్లింది. పక్క ఖాళీ స్థలాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తుమ్ముకుంటూ లోపలికి వెళ్లాం. పెద్ద ఇల్లేం కాదు. ముందు ఒక గది, వెనక పడకగది, వంటగది, పెరట్లో బోరు. ముందు గది మాత్రం విశాలంగా, రెండు కిటికీలతో ఉండేది. సుగుణ ఆ గది మధ్యలో నిలబడి మెల్లగా నాకొక్కదానికే వినపడేలా అంది.

"బుధవారం సాయంత్రం ఇక్కడ నలుగురం కూచుని ప్రార్థన చేసుకోవచ్చక్కా. అద్దె ఇంట్లో పాట పాడాలన్నా పక్కింటికి వినపడుద్దేమోనని భయం."

నేను తలూపాను. బాగుంటుంది సుగుణా అన్నాను. అలా అన్నది అబద్ధం కాదు. కాకపోతే ఆ గది చూస్తున్నంతసేపూ, కుట్టుమిషను ఏ కిటికీ దగ్గర వేస్తే వెలుగు బాగుంటుందా అని లోపల చూసుకుంటూనే ఉన్నాను.

తర్వాత కొన్నాళ్లకు రాజ్యలక్ష్మిగారి జాకెట్లు ఇవ్వడానికి ఒక్కదాన్నే వెళ్లాను. అంతకు ముందు రోజే మిల్లులో ఒక షిఫ్టు పూర్తిగా తీసేశారు. ఆవిడ జాకెట్లు చూసుకుని, పక్కన పెట్టి, కూర్చోమన్నారు.

"నువ్వు పక్కనే ఉంటావుగా. సుగుణావాళ్లు ఎలాంటివాళ్లమ్మా? బయానా తీసుకోబోయే ముందు ఒక మాట అడుగుదామని."

"చాలా మంచివాళ్లండీ" అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే ఇదంతా రాయాల్సిన పనే లేదు. ఆవిడ తృప్తిగా తలూపారు. లేవబోతున్నారు. నేను లేవలేదు.

"ముందు గదిలో ప్రార్థనలు పెట్టుకుంటానంటోందండీ" అన్నాను.

"ఎవరి దేవుడికి వాళ్లు దణ్ణం పెట్టుకుంటారు. దానికేముంది?"

"ఇంట్లోవాళ్లే కాదండీ. జనం వస్తారు. మైకు కూడా పెడతారేమో."

మైకు మాట సుగుణ అనలేదు. ఎవరూ అనలేదు. అది నేను కల్పించింది. చివర 'ఏమో' తగిలించాను కదా, అబద్ధం కాదులే అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ 'ఏమో' వెనక దాక్కున్నాను.

లేవబోయిన ఆవిడ మళ్లీ కూర్చున్నారు. ఇరుగుపొరుగువాళ్లతో ఇన్నేళ్లు మంచిగా ఉన్నాను, వెళ్లిపోతూ వాళ్లకు తలనొప్పి తెచ్చిపెట్టానని అనిపించుకోలేను కదమ్మా అన్నారు. చెడ్డ మనిషి కాదావిడ. ఆ మాట నేనే ఆవిడ చేతిలో పెట్టాను. తర్వాత, మీకేమైనా కొనే ఉద్దేశం ఉందా అని అడిగారు. నేనుగా అడగలేదు. కానీ ఆ ప్రశ్న కోసమే లేవకుండా కూర్చున్నానని నాకు తెలుసు. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, నా పేరు మాత్రం చెప్పకండి టీచరుగారూ అన్నాను. చేసింది తప్పని అప్పుడే తెలుసుననడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

రెండు మూడు రోజులకు సుగుణ కుళాయి దగ్గర చెప్పింది, టీచరుగారు ఇవ్వనన్నారని. ఎందుకని నేను అడగలేదు. అడగాలి కదా, మామూలుగా అయితే. ఆమె బిందె నింపుకుని నడుముకెత్తుకుని, మీకిస్తానంటే మీరే తీసుకోండక్కా, ఎవరో తెలియనివాళ్లకు పోయేకంటే అంది. మేం తీసుకున్నాం. బ్యాంకు లోను వచ్చింది. గృహప్రవేశానికి సుగుణ క్లినిక్కులో సెలవు పెట్టి వచ్చింది. తెల్లారేసరికే వచ్చి కూరగాయలు తరిగింది. మధ్యాహ్నం దాకా ఆడవాళ్లకు వడ్డించింది. ప్రసాదుగారు అన్ని గదుల్లో ఫ్యాన్లు బిగించి పెట్టారు.

ఆ ఏడాది చివర్లో మిల్లు మూతపడింది. మావారు చాలాకాలం ఖాళీగా ఉండి చివరికి మిరపకాయల కోల్డు స్టోరేజీలో చేరారు. వాయిదాలు కట్టడం కష్టమైంది. నేను ముందు గదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని కుట్టి కుట్టి కట్టాను. సుగుణవాళ్లకు వేసవిలోపే మరో అద్దె గది దొరికింది గానీ మిల్లు పోయాక అదీ నిలవలేదు. ప్రసాదుగారికి దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని దొరికితే మినీ లారీలో సామానేసుకుని వెళ్లిపోయారు. అక్కడ ఒక చిన్న ఆస్పత్రిలో సుగుణ పనికి కుదిరింది. జీతం స్లిప్పులు లేవు కాబట్టి ఇక లోను మాటే లేదు. ఇప్పటికీ ఆమె అద్దె ఇంట్లోనే ఉంది.

మీరు అడగొచ్చు, ఆ ఇంట్లో నాకు నిద్ర పట్టిందా అని. పట్టింది. అబద్ధం చెప్పను. ఆ ఇల్లంటే నాకు ప్రాణం. అమ్మాయి అక్కడే చదువుకుంది. ఇంకొకరు మమ్మల్ని ఖాళీ చేయమనలేరన్న ధైర్యం ఎలా ఉంటుందో మొదటిసారి ఆ గోడల మధ్యే తెలిసింది. భయం వల్ల చేశాను అనుకునేదాన్ని. భయం వల్లే కావచ్చు. కానీ భయం తీరిపోయాక ఎందుకు చెప్పలేదు? వాయిదాలు తీరాయి, అమ్మాయి పెళ్లయింది. అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? మంచిదన్న పేరు వదులుకోలేకపోయాను, అంతే అయ్యుంటుంది.

అయినా ఇంతవరకూ అయితే బహుశా ఎప్పటికీ రాసేదాన్ని కాదు. రాయిస్తున్నది తర్వాత జరిగింది.

ప్రసాదుగారు పోయారు. డ్యూటీలో ఉండగా గుండె నొప్పి వచ్చింది, ఆస్పత్రి చేరలేదు. నేనూ మావారూ వెళ్లొచ్చాం. ఆ తర్వాత ఏడాది, అన్నగారి పిల్లను బ్రాడీపేటలో కోచింగులో చేర్పించడానికి సుగుణ వచ్చి, పని చూసుకుని మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి వచ్చింది. తిన్నాక ముందు గదిలో కూర్చున్నాం. కిటికీల వైపు చూస్తూ, ఏదో ఊళ్లో సంగతి చెబుతున్నట్టే మొదలుపెట్టింది.

"ఈ ఇల్లు మాకెందుకు ఇవ్వలేదో టీచరుగారు అప్పుడే చెప్పారక్కా. ప్రార్థనలు పెడతామని, మైకు పెడతామని ఎవరో చెప్పారంట. ప్రార్థన సంగతి నేను ఇద్దరికే చెప్పాను. నీకు, మా ఆయనకి. నువ్వు అనవుగా. ఆయనే మిల్లు దగ్గర టీకొట్లో వాగుంటాడనుకున్నా. నోరు ఆగదు కదా ఆయనకి. ఎన్నిసార్లు తిట్టానో. కోపమొచ్చినప్పుడల్లా అదే ఎత్తేదాన్ని, నీ నోటివల్లే ఇల్లు పోయిందని. నేననలేదు సుగుణా అని బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాడు. నమ్మలేదక్కా. పోయేదాకా నమ్మలేదు."

నేను ఏం చేయాలి అప్పుడు? నోరు తెరవాలి. ఆమె ఎదురుగా ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. దేవుడైనా అంతకంటే సులువైన అవకాశం ఇవ్వడు.

"మజ్జిగ ఇవ్వనా సుగుణా?" అన్నాను.

ఇవ్వమంది. వంటగదిలోకి వెళ్లి, మజ్జిగ కలిపి, ఉప్పు వేసి, తెచ్చి ఇచ్చాను. తాగి, బస్సుకు టైమవుతోందని లేచింది. ఆటో ఎక్కించి వచ్చాను.

ఇల్లు లాక్కున్నది ఒక తప్పు. దానికి మిల్లు అనీ, పిల్ల అనీ, కాలం అనీ ఏవో కారణాలు చెప్పుకోవచ్చు. మజ్జిగ ఇచ్చిన రోజున నాకు ఏ కారణమూ లేదు. ఇల్లు మా పేరునే ఉంది, ఎవరూ తీసుకోలేరు. చనిపోయిన మనిషి మీద నా మాట ఉండిపోతోందని తెలిసీ ఉండనిచ్చాను. ఆయన మా ఇంట్లో స్టూలెక్కి ఫ్యాన్లు బిగించిన మనిషి. ఇంటికెళ్లి ఈ విషయం మీదే తిట్లు తిని ఉంటారు.

సుగుణకు చెబుతానా? చెప్పాలని ఉంది. దాచేపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందో తెలుసు, ఆమె ఇల్లు ఎక్కడో తెలుసు. చెబితే ఆమె నన్ను క్షమిస్తుందన్న ఆశ లేదు. క్షమించమని అడిగే మొహమూ లేదు. ఆమె భర్తను ఆమె నమ్మగలిగితే చాలు. వెళతానో లేదో ఇప్పుడు మాట ఇవ్వలేను, నా మాటకు ఎంత విలువుందో మీరు చూశారు. కానీ ఇవాళ ఇంతవరకూ రాయగలిగాను. పేరు లేకుండానే అయినా, 'ఏమో' లేకుండా రాశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా అందుతోంది.

ఆ మాట ప్రసాదుగారు అనలేదు. నేను అన్నాను.