వాగులో పొడుగు చెలిమె

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలంలో మా తాతతో మూడు రోజులు మాట్లాడలేదు. ఆయన పిలిస్తే తల తిప్పుకునేదాన్ని, చెయ్యి పట్టుకుంటే విదిలించుకునేదాన్ని. బతికున్న మా బాపమ్మ కోసం ఆయన వాగులో గొయ్యి తవ్వుతున్నాడని నాకు గట్టి నమ్మకం. ఎనిమిదేళ్ల పిల్లకు అంతకంటే పెద్ద కోపం ఇంకేముంటుంది చెప్పండి!

బాపమ్మ అంటే మా బాపు వాళ్ల అమ్మ. మా ఊరు కరీంనగర్ నుంచి కొండగట్టు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. ఊరి చివర మా వాడ, వాడ దాటితే వాగు. అప్పట్లో మా ఊళ్లో చర్చి అంటే కట్టడం కాదు, మా పక్కింటి పెద్దమ్మ వాళ్ల అరుగు. ఆదివారం పొద్దున పాస్టరయ్య సైకిల్ మీద వచ్చేవాడు. చైను ఊడిపోయి నడిపించుకుంటూ వచ్చిన రోజులే ఎక్కువనుకోండి. పెద్దమ్మ అరుగు అలికి చాప పరిచేది. దేవుడి పనికి ముగ్గు వేయాలా వద్దా అని కొన్నాళ్లు మథనపడి, చివరికి ఎవరేమనుకుంటే నాకేమని వేసేసేది. వచ్చేవాళ్లు కూడా ఎంతమంది! పెద్దమ్మ, ఆమె కోడలు, బీడీలు చుట్టే ఇద్దరు ఆడవాళ్లు, మా బాపమ్మ. పాట మొదలైతే వాళ్లందరూ ఒక దారిన పోతే మా బాపమ్మ ఇంకో దారిన పోయేది. మా అరుగు మీద కూర్చున్న తాత నవ్వాపుకోలేక పొలమారి దగ్గేవాడు.

బాపమ్మ అక్కడికి ఎందుకు వెళ్లిందంటే, మొదటిసారి వచ్చిన రోజున పాస్టరయ్య ఆమెను పేరడిగాడు. అంతే. అప్పటిదాకా ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు, పుట్టింట్లో పిల్లా, అత్తింట్లో ఓ కోడలా, ఆ తర్వాత ఓ ముసల్దానా. పొలాల్లో అయితే ఫలానావాడి పెండ్లాం. పాస్టరయ్య పేరు అడిగి, మళ్లీ వారం వచ్చినప్పుడు గుర్తుపెట్టుకుని ఆ పేరుతో పిలిచాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె పొయ్యి ముందు ఊరికే కూర్చుండిపోయిందని మా అవ్వ, అంటే మా అమ్మ, చెప్పేది.

మా సంఘంలో బాప్తిస్మం అంటే తల మీద నాలుగు చుక్కలు చల్లడం కాదు. మనిషి మొత్తం నీళ్లలో మునిగి లేవాలి. పాత మనిషిని నీళ్లలో పాతిపెడితే కొత్త మనిషి లేస్తుందని పాస్టరయ్య చెప్పేవాడు. పాతిపెట్టడం అన్న మాట నాకు అప్పుడే నచ్చలేదు. బాపమ్మకు మాత్రం అదొక్కటే కోరిక. ఏటా వాగు పారినప్పుడు అడిగేది, తాత ఏటా వద్దనేవాడు. ఆయనకు ఆ దేవుడి మీద పగేమీ లేదు. ఆయన బాధ వేరే.

"నాకు మల్లన్న ఉన్నడు, పోశమ్మ ఉన్నది. నువ్వు గాల్ల దిక్కు మునిగినవనుకో, సచ్చినంక నువ్వొక తొవ్వ, నేనొక తొవ్వ. గాడ నేనొక్కన్ని ఏం జేయాలె?"

ఆయన్ను కాదని మునగడం బాపమ్మకు చేతకాలేదు. అట్లా ఏళ్లు గడిచాయి.

ఆ యేడు వానలు పడలేదు. చలికాలానికే వాగు ఎండి ఇసుక తేలింది. అదే సమయంలో బాపమ్మకు ఆయాసం మొదలైంది. కాళ్లు నీరు పట్టి వాచాయి. కరీంనగర్ దవాఖానలో డాక్టరు గుండె నీరసించిందని, వానాకాలం దాకా చూడాలని చెప్పి పంపించాడు. చూడాలంటే ఏమిటో పెద్దవాళ్లందరికీ అర్థమైంది. ఆ సాయంత్రం బాపమ్మ తాతను అడిగింది, "గిప్పుడు సుత ఆపుతవా?" అని. తాత భుజం మీది తువ్వాల దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆయన కాదనకపోవడం అదే మొదటిసారి. కానీ ఇప్పుడు నీళ్లు లేవు!

ఊరు మొత్తానికి మనిషి మునిగేంత నీళ్లున్నది పటేలు గారి మోటబావిలోనే. మా వాడవాళ్లం ఆ బావి మెట్లు దిగే కాలం కాదది. అయినా పాస్టరయ్య వెళ్లి అడిగాడు. పటేలు చెడ్డ మనిషి కాదు. మంచం వాల్చి కూర్చోబెట్టి, మజ్జిగ తాగించి, ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరని చెప్పి పంపించాడు. ఆదివారం అరుగు మీద దాని గురించే మాటలు నడిచాయి. ఆపదలో ఉన్న మనిషి కదా, చెంబుతో తల మీద పోస్తే చాలదా అని పెద్దమ్మ అంది. దేవుడు మనసు చూస్తాడని పాస్టరయ్య కూడా కాస్త మెత్తబడ్డాడు. ఒప్పుకోనిది బాపమ్మే.

"సగం తానం చేసి ఎవలన్న పెండ్లికి పోతరా అయ్యా? ముంచితే మొత్తం ముంచుండ్రి. లేకుంటే ఇడ్సిపెట్టుండ్రి" అంది.

మా అరుగు మీద తాడు పేనుకుంటూ తాత ఇదంతా విన్నాడు.

మర్నాడు తెల్లారేసరికి పార, తట్ట తీసుకుని వాగుకు బయల్దేరాడు. బర్రెకు నీళ్లు లేవు, చెలిమె తోడుతానన్నాడు. ఎండిన వాగులో ఇసుక తీసి నీళ్లు ఊరేలా చేసుకునే గుంతను మేం చెలిమె అంటాం. ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు తోడేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మధ్యాహ్నం మా అవ్వ తాత తినడానికి జొన్న గటుక గిన్నె నా నెత్తిన పెట్టి పంపింది.

చెలిమె అంటే గుండ్రంగా, బిందె ముంచుకునేంత ఉంటుంది. ఇది అట్లా లేదు. పొడుగ్గా ఉంది. నేను గట్టు మీద నుంచి చూస్తుండగానే తాత పార పక్కన గుచ్చి, ఆ గుంతలో దిగి, వెల్లకిలా పడుకున్నాడు. చేతులు రొమ్ము మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత లేచి, తన తల ఆనిన చోటుకు పైన నాలుగు వేళ్లు ఆనించి కొలిచి, అంత మేర ఇంకా తవ్వడం మొదలుపెట్టాడు.

బాపమ్మ తాతకంటే నాలుగు వేళ్లు పొడుగు. ఊరంతా ఆయన్ను ఆ మాట మీదే ఆటపట్టించేది. ఆ నాలుగు వేళ్లు చూడగానే ఆ గొయ్యి ఎవరి కోసమో నాకు తెలిసిపోయింది. గటుక గిన్నె ఇసుకలో పెట్టి ఇంటికి పరుగెత్తాను.

ఇక ఆ మూడు రోజులూ నేను బాపమ్మ కొంగు వదల్లేదు. తాత వస్తే ఆమెకు అడ్డంగా కూర్చునేదాన్ని. ఆయన బెల్లం ముక్క ఇచ్చినా తీసుకోలేదు. పాపం, ఆయనకేమీ అర్థం కాలేదు. చివరికి బాపమ్మే నన్ను దగ్గరికి లాక్కుని అడిగింది. ఏడుస్తూ అంతా చెప్పేశాను, పడుకుని చూసుకోవడం, చేతులు పెట్టుకోవడం, నాలుగు వేళ్లు, అన్నీ. ఆమె ముందు నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

"పిచ్చి బిడ్డా, గోతిల ఎవలన్న నీళ్లూరనిస్తరా?" అంది నా తల నిమురుతూ. "గా ముసలోడు నన్ను పాతిపెట్టనీకి కాదే తవ్వేది. నన్ను ముంచనీకి తవ్వుతుండు."

మాట అరుగు దాటడానికి ఎంతసేపు! మర్నాడు వాడ వాడంతా వాగులో ఉంది. చర్చికి వచ్చేవాళ్లకంటే రానివాళ్లే ఎక్కువ. పాస్టరయ్య ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి తట్టలు మోశాడు. అప్పటికి తాత తవ్విన పక్కలు రెండుసార్లు కూలి గుంత పూడిపోయింది. ఆయన ఎవరికీ చెప్పకుండా మళ్లీ మళ్లీ తవ్వుకుంటున్నాడట. అందరూ కలిసి కందికట్టెల తడికలు అల్లి పక్కలకు నిలబెట్టారు. తాత మాత్రం సిగ్గుతో ఇంకా బర్రె కోసమే అంటున్నాడు. అవునవును, మీ బర్రె జర పొడుగే అని జనం నవ్వుతున్నారు. గట్టు మీద గొంగడి పరుచుకుని కూర్చున్న బాపమ్మ ఊరుకుంటుందా?

"బర్రె గీడనే కూసున్నది, జర జల్ది తవ్వుండ్రి!" అని అరిచింది.

మొదట ఊరిన బురదనీళ్లు తోడి పోశారు. మెల్లగా తేట నీళ్లు ఊరాయి. ఆదివారం పొద్దుటికి కూర్చుంటే రొమ్ము దాకా వచ్చాయి. బాపమ్మను ఇద్దరు ఆడవాళ్లు నడిపించుకొచ్చి దింపారు. పాస్టరయ్య వీపు కింద ఒక చెయ్యి, తల కింద ఒక చెయ్యి వేసి వెనక్కి వంచాడు. తల మునిగేసరికి మోకాళ్లు పైకి తేలాయి. మోకాళ్లు అదిమితే తల తేలుతుంది. ఆమె రొప్పుతోంది. ఆయన రెండు చేతులూ చాలడం లేదు. గట్టు మీద అందరూ గుసగుసలాడుతున్నారు. అప్పుడు తాత భుజం మీది తువ్వాల తీసి నా చేతిలో పెట్టి, చెలిమెలోకి దిగాడు. బాపమ్మ మోకాళ్ల మీద రెండు చేతులూ ఆనించి, పాస్టరయ్య ముఖంలోకి చూశాడు.

"ఇగ ముంచుండ్రి అయ్యా" అన్నాడు.

ఆమె మొత్తం మునిగింది. ఆమె లేచేదాకా నేనూ ఊపిరి బిగబట్టాను. జుట్టు నిండా ఇసుకతో, దగ్గుతూ, నవ్వుతూ లేచింది మా బాపమ్మ. అంత అందంగా ఆమెను నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మెడ దాకా తడిసిన తాతను చూసి ఎవరో, నువ్వు సుత మునిగినవ్ పో, ఇగ చర్చికి రావాల్సిందే అన్నారు.

"చెలిమె తోడెటోడు తడవకుంట ఎట్లుంటడు?" అన్నాడాయన నా దగ్గర తువ్వాల తీసుకుంటూ.

ఆ తువ్వాలతోనే ఆమె తల తుడిచాడు. ఆమె ఆయాసపడుతూనే ఆయన చెవిలో చెప్పినట్టు చెప్పింది గానీ, పక్కన ఉన్న మాకందరికీ వినబడింది. "ఫికర్ చెయ్యకు. నేను ముందుగాల పోయి, బస్సుల లెక్క నీకు తువ్వాలేసి సీటు పట్టి పెడ్త. నువ్వు నిమ్మలంగ రా."

ఆ ఎండాకాలమంతా ఊరికి తాగునీళ్లు ఆ చెలిమె నుంచే. పటేలు గారి జీతగాడు కూడా కావడి వేసుకుని వచ్చేవాడు, ఎవరూ వద్దనలేదు. మొదటి పెద్దవానకు వాగు పారి చెలిమె పూడిపోయింది. ఆ పారే నీళ్లను బాపమ్మ చూసింది. చలికాలంలో పోయింది. పెట్టె మూసే ముందు తాత జనాన్ని పక్కకు జరిపి వచ్చి, భుజం మీది తువ్వాల తీసి, నాలుగు మడతలు పెట్టి ఆమె చేతి కింద ఉంచాడు. "సీటు మీద ఏసుడు మర్చిపోకు" అన్నాడు. పాస్టరయ్య అందుకున్న పాట మధ్యలోనే ఆగిపోయింది.

ఆ యేడు ఇసుక మోసినవాళ్లలో కొందరు అరుగు మీదికి రావడం మొదలుపెట్టారు. అరుగు చాలకపోతే తాత మా కొట్టం ఇచ్చాడు. కొట్టం తర్వాత మట్టిగోడలు, గూనపెంకలు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక స్లాబు చర్చి లేచింది, లోపల ముంచడానికి సిమెంటు తొట్టి. ఎంత పొడుగు కట్టాలని మేస్త్రీ అడిగితే, కర్ర పట్టుకుని కూర్చున్న తాత, నాకంటే నాలుగు వేళ్లు ఎక్కువ పెట్టు అన్నాడు. ఆయన మాత్రం ఎప్పుడూ మునగలేదు. ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద, చెప్పుల పక్కన కూర్చునేవాడు. మల్లన్న బండారి పసుపు నుదుటనే ఉండేది.

తాత పోయినప్పుడు సంఘంలో పేచీ వచ్చింది. బాపమ్మ పక్కన పెట్టాలని మేం అడిగాం. బాప్తిస్మం లేని మనిషిని మన భూమిలో ఎట్లా పెడతామని పెద్దల్లో ఇద్దరు అడ్డం తిరిగారు. వాళ్ల మాటలోనూ నియమం ఉంది, కాదనలేం. అందరూ పాస్టరయ్య వైపు చూశారు. ఆయనా అప్పటికి ముసలివాడైపోయాడు.

"ఆమె ఎప్పుడో తువ్వాలేసి సీటు పట్టి పెట్టింది" అన్నాడాయన. "నడుమ లేపనీకి మనమెవలం?"

ఇద్దరూ ఇప్పుడు పక్కపక్కనే ఉన్నారు.

నాకిప్పుడు అరవై దాటాయి. ఎండాకాలంలో మాల వేసుకున్న ఆంజనేయస్వామి భక్తులు మా ఇంటి ముందు నుంచే కొండగట్టుకు నడిచిపోతారు, తారు రోడ్డు మీద ఒట్టి కాళ్లతో. నేను గుమ్మంలో పెద్ద కుండలో నీళ్లు పోసి, లోటా పట్టుకుని కూర్చుంటాను. మొన్న చర్చిలో పాటలు పాడే పిల్లవాడొకడు అటు వెళ్తూ ఆగి, "అమ్మమ్మా, నువ్వు చర్చి మనిషివి గదా, గీ స్వాములకు నీళ్లు పోసుడేంది?" అని అడిగాడు. వాడు మంచివాడే, తెలుసుకుందామనే అడిగాడు. నేను పోస్తున్న లోటా ఒలికి నా ముంజేయి, కొంగు తడిసి ఉన్నాయి. అది చూసుకుంటే నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"చెలిమె తోడెటోల్లం తడవకుంట ఎట్లుంటంరా?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. కుండ అడుగంటింది, బిందె నింపుకురమ్మని వాణ్నే పంపించాను.