భద్రమ్మ అడిగిన డాక్టరమ్మ

మా ఊళ్ళో ఆడవాళ్ళకు రోగమొస్తే దవాఖానకు మగవాళ్ళు పోయేవారు. వెటకారం కాదు, పద్ధతే అది. పెళ్ళాం ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ ఉంటుంది. మొగుడు వరుసలో నిలబడి, ఆమె రోగం తను చెప్పి, సీసాలో మందు పోయించుకుని వస్తాడు. అసలు సంగతి ఆమె సగమే చెబుతుంది. అందులో మళ్ళీ అతని నోటికి వచ్చేది పావు. పోచయ్య భార్యకు నెలల తరబడి నెత్తురు ఆగకుండా పోతుంటే, ఆ మాట అనడానికి సిగ్గుపడి ఆయన డాక్టరుతో నీరసమని చెప్పాడు. డాక్టరు బలానికి టానిక్కు ఇచ్చాడు. తియ్యగా ఉందని దారిలో సగం పోచయ్యే తాగేశాడు. భార్య ఆ ఎండాకాలంలోనే పోయింది. దసరా దాటకముందే ఆయనకు ఇంకో పెళ్ళి చేశారు.

మాది నారాయణపేట పక్కన నేత నేసే సాలోళ్ళ ఊరు. భద్రమ్మ మా పక్కింటామె. మొగుడు పోయాక ఆయన మగ్గంలో కొడుకు వెంకటరాజం కూర్చున్నాడు, కోడలు సావిత్రమ్మ వచ్చింది. ఒకరి చేతి కింద తినడం భద్రమ్మ ఒంటికి పడలేదు. ఊరి బయట పంచాయతీ సమితి దవాఖాన పెట్టగానే అందులో ఆయాగా చేరింది. ఊడవడం, నీళ్ళు మోయడం, వరుసను అదుపులో పెట్టడం ఆమె పని. అడ్డదారిన ముందుకు దూరితే, వాడు పెద్ద పటేలైనా సరే, రెక్క పట్టి వెనక్కి నెట్టేది. ఆమె నోటికి జడిసి మా వీధిలో కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి.

అంతటి మనిషీ ఒక్క సంగతి మాత్రం దాచింది. ఆమె ఎడమ రొమ్ములో గడ్డ లేచింది. మొదట్లో నొప్పి లేదు. తర్వాత అది పెరిగి, చితికి, పుండయింది. పాత చీర పేలికలు పెట్టి గట్టిగా కట్టుకుని పనికి పోయేది. ఆ పేలికలు ఉతికే సావిత్రమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

"డాక్టర్ సాబ్‌కు చూపియ్యరాదత్తా? రోజు ఆయన కాడనే ఉంటవు గద," అందట కోడలు.

"మొగోని ముంగట రైక ఇప్పమంటవా? డాక్టరమ్మ వస్తదంటున్నరు. ఆమె రానియ్యి, అందరికంటె ముందుగాల నేనే చూపిచ్చుకుంట."

డాక్టరమ్మ సంగతి ఉత్త పుకారు కాదు. అది అరవై ఒకటో సంవత్సరం, సమితులు వచ్చిన కొత్త. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఒక్కడే డాక్టరు. పొద్దున కుర్చీలో కూర్చుంటే పొద్దు వాలేదాకా సద్దిగిన్నె మూత తీసేవాడు కాదు. ఒకరి నాడి చూస్తూనే ఇంకొకరిని పిలిచేవాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కావడానికి కూడా ఆయనకు తీరిక లేదు. ఇంకో డాక్టరు కావాలని, అది కూడా ఆడ డాక్టరయితే మేలని ఆయన పైకి రాస్తూ వచ్చాడు. చివరికి జిల్లా నుంచి జవాబొచ్చింది. మీ దవాఖానకు వచ్చేవాళ్ళంతా మగవాళ్ళే కనిపిస్తున్నారు, ఆడ రోగులు లేని చోట ఆడ డాక్టరుకు ఏం పని, ఎవరైనా ఒక అధికారి వచ్చి చూసి తేలుస్తాడు అని. కుర్చీలో కూర్చుని లెక్కలు వేసేవాళ్ళకు మా ఆడవాళ్ళు కనిపించలేదు. ఊళ్ళో ఉన్నవాళ్ళకే కనిపించలేదు, వాళ్ళను అని ఏం లాభం!

అధికారి వచ్చే రోజు తెలియగానే భద్రమ్మ ఇల్లిల్లూ తిరిగింది. మా అమ్మ లక్ష్మీనర్సమ్మ దగ్గరికి కూడా వచ్చింది.

"రేపు నువ్వే రావాలె లక్ష్మీనర్సూ. మీ ఇంటాయనను తోలకు."

"వచ్చి ఏం చెప్పాలె అక్కా? గా సంగతి మొగోనికి చెప్తనా?"

మా అమ్మకు నా వెనకాల కాన్పుతో గర్భసంచి జారింది. కూర్చోవాలన్నా లేవాలన్నా పళ్ళు బిగబట్టుకునేది. మా నాయినకు కూడా ఆ సంగతి సగమే తెలుసు.

"ఏం చెప్పకున్నా మంచిదే. జర మంచి చీర కట్టుకోని వచ్చి నిలబడు, గంతే. మనం గింతమందిమి ఉన్నమని ఆయన కండ్లతోని చూడాలె."

అందరికీ అదే మాట చెప్పింది. పాపం, మనుషులను చూపిస్తే చాలనుకుంది.

మర్నాడు దవాఖాన ముందు మా ఊరి ఆడవాళ్ళంతా దిగారు. పెట్టెల అడుగు నుంచి పట్టంచు చీరలు తీసి కట్టుకున్నారు. తలల నిండా పూలు. అధికారి జీపు దిగి ఆ గుంపును చూసి నవ్వాడు. ఆంధ్రా వైపు మనిషి. "ఏమండీ డాక్టరుగారూ, ఇక్కడేమైనా పెళ్ళా?" అన్నాడట. తర్వాత డాక్టరు పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

ఒక్కొక్కరే లోపలికి పోయారు. ఏం బాధ అని డాక్టరు అడుగుతాడు. తల నొస్తాంది, అంటుంది మొదటామె. ఆమె వెనకామెకు వేరే మాట తోచదు, ఆమెకూ తలనొప్పే. మా అమ్మ కూడా నుదురు పట్టుకుని చూపించి బిళ్ళలు తీసుకుని వచ్చింది. డాక్టరు గుచ్చి గుచ్చి అడిగాడు. వాళ్ళు నేల చూపులు చూశారు. మధ్యాహ్నం కాకముందే వరుసంతా అయిపోయింది. ఆ దవాఖానలో డాక్టరు వేళకు అన్నం తిన్న రోజు అదొక్కటే అయి ఉంటుంది.

"చూశారా," అన్నాడు అధికారి లేస్తూ. "వీళ్ళకు రోగాలేం లేవు. తలనొప్పులకు ఆడ డాక్టరును వేయమంటే పైవాళ్ళు నన్ను చూసి నవ్వుతారు."

గుమ్మం దగ్గర నిలబడ్డ భద్రమ్మ ఆ మాట విన్నది. మా అమ్మ ఇంకా వసారాలోనే ఉంది కాబట్టి తర్వాత జరిగిందంతా కళ్ళారా చూసింది.

భద్రమ్మ లోపలికి పోయింది. "నాకున్నది సారూ రోగం," అంది. కొంగు తీసి, రైక ముడి విప్పి, పేలికలు ఊడదీసింది. గదిలో ముగ్గురు మగవాళ్ళు ఉన్నారు, కంపౌండరుతో కలిపి. వాసన గుప్పుమంది. అధికారి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. డాక్టరు ముఖం నల్లబడింది. అది రాచపుండు, క్యాన్సరు.

"భద్రమ్మా! ఇన్ని దినాలు నా కండ్ల ముంగటనే తిరిగినవు గద," అన్నాడు. "హైదరాబాద్ పోవాలె. ఎప్పుడో పోవాల్సి ఉండె."

"నా సంగతి ఇడువుండ్రి సారూ." ఆమె అధికారి వైపు తిరిగింది. "తల నొస్తాందని పోయినోళ్ళందరికి లోపల గిసుంటియే ఉన్నయి. మొగోనికి చెప్పలేక సస్తున్నరు. మాకు డాక్టరమ్మను తోలుండ్రి. మీ కాల్మొక్కుత."

అధికారి రుమాలు తీయకుండానే అన్నాడు: "నువ్వు చెప్పావు కదమ్మా. మగ డాక్టరుకే చెప్పావు, చూపించావు కూడా. అవసరమైతే అందరూ నీలాగే చెబుతారు. ఇంకా ఆడ డాక్టరెందుకు?"

అతను ఎకసెక్కానికి అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. నాకు ఒళ్ళు మండేది అందుకే. చెప్పకపోతే రోగం లేదన్నారు, చెబితే అవసరం లేదన్నారు. ఇక ఆడది ఏం చేస్తే వీళ్ళకు సరిపోతుందో ఇప్పటికీ నాకు తెలియదు.

జీపు పోయింది. డాక్టరమ్మ అక్కర లేదని కాగితం కూడా వచ్చింది. అంతకంటే ముందే భద్రమ్మ సంగతి ఊరంతా పాకింది. ముగ్గురు మగవాళ్ళ ముందు రైక విప్పిందన్నారు. ఎందుకు విప్పిందో ఎవరికీ పట్టలేదు. ఎవరి కోసం విప్పిందో వాళ్ళే ముందు మొహం తిప్పుకున్నారు. మా అమ్మ కూడా ఆ ఇంటి గడప తొక్కడం మానేసింది. అడిగితే, మీ నాయిన తంతడు, అనేది.

"నా ఇజ్జత్ తీసినవు," అన్నాడు వెంకటరాజం తల్లితో. హైదరాబాదుకు తీసుకుపోలేదు. దవాఖాన పని మాన్పించాడు. మగ్గం వెనక గదిలో మంచం వేసి, తలుపు దగ్గరగా వేయమని భార్యకు చెప్పాడు.

ఒకరోజు పొద్దున డాక్టరు తనంతట తను వాళ్ళ ఇంటికి వచ్చాడు, నొప్పి తగ్గే మందు పట్టుకుని. వెంకటరాజం గడపలో అడ్డం నిలబడ్డాడు.

"ఒక్కపారి చూపిచ్చింది చాలు సారూ. మళ్ల మళ్ల చూసుడెందుకు?"

దవాఖాన ముందు అప్పటికే బండ్లు ఆగి ఉన్నాయి, కంపౌండరు రమ్మని మనిషిని పంపాడు. మందు సీసా అరుగు మీద పెట్టి డాక్టరు వెళ్ళిపోయాడు. సావిత్రమ్మ దాన్ని తీసే లోపల వెంకటరాజం సీసా మోరీ కాలవలో వంపేశాడు.

లోపల భద్రమ్మకు మాటలన్నీ వినబడ్డాయి.

"పోయిండా?" అంది కోడలితో.

"పోయిండత్తా."

"పోనియ్యి బిడ్డా. ఆయనకు నేనొక్కదాన్నేనా."

ఆ తర్వాత ఆమె ఇంకో నెల బతికింది. నొప్పికి అరుస్తుంటే మా వీధి వీధంతా వినబడేది. మగ్గాలు మాత్రం ఆగలేదు.