అరకు కొండకు తాడూ, తాడుకు నడిమి గుర్తూ

భీమునిపట్నంలో మాది కొబ్బరిపీచు తాళ్ళు పేనే ఇల్లు. మా తాళ్ళు పడవలెక్కి పోతాయే గాని కొండలెక్కవు. అలాంటిది ఒక తాడు అరకు లోయకు ప్రయాణం కట్టింది. దాని వెంట నేనూ కట్టాను.

కారణం మా తమ్ముడు దానియేలు. అక్కడ మిషను బడిలో పంతులు. క్రిస్మసుకు ఇంటికి వచ్చినప్పుడు చెప్పాడు, వాళ్ళ ఊరి బుద్రు అడ్డతీగ పట్టుకుని కొండచరియ దిగి తేనె తీస్తాడని, కిందటేడు తీగ తెగి బుద్రు అన్న కాలు విరిగిందని. "ఈసారి బుద్రుని నీ తాడు మీద దించుదామక్కా" అన్నాడు.

పద్ధతి ఇది. చరియ అంచున ఉన్న చెట్టు చుట్టూ తాడు వేసి, రెండు కొసలూ కిందికి వదులుతారు. రెండు పాయలూ కలిపి పట్టుకుని మనిషి దిగుతాడు. అడుగుకు చేరాక ఒక కొస పట్టి లాగితే తాడంతా కిందికి వచ్చేస్తుంది. అందుకని తాడు నడిమి భాగం సరిగ్గా చెట్టు దగ్గర ఉండాలి. అటూ ఇటూ అయితే ఒక పాయ పొట్టిదై, మనిషి గాలిలో ఉండగానే అయిపోతుంది. నడుమ గుర్తు తప్పనిసరి. ముడి వేస్తే చెట్టుకు తట్టుకుని తాడు రాదు. గుడ్డపేలిక కడితే జారిపోతుంది. పేటల మధ్య దారం కుట్టడమే మేలని నేను అనుకున్నాను. అదీ అక్కడికి వెళ్ళాకే. కొత్త తాడు సాగుతుంది. సాగదీయకముందు పెట్టిన గుర్తు గుర్తు కాదు.

ఇదంతా తోడు వచ్చిన మా వదిన సుందరమ్మకు చెప్పాను. మా ఆయనకు అక్క. మంచి మనిషే గాని ఊరికే కూర్చోలేని మనిషి.

వేసవి మొదట్లో, తెల్లవారుజామున జట్కాలో బయలుదేరి విజయనగరం చేరాం. అక్కడినుంచి శృంగవరపుకోటకు మోటారు. నేను నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని కాబట్టి మోటారు నుదుటి మీద రాసింది కూడబలుక్కుంటూ నిలబడ్డాను. పూర్తయ్యేసరికి మంచి జాగాలన్నీ పోయాయి. కండక్టరు తాడుచుట్ట చూసి, "ఇది మడిసంత జాగా తింటన్నాది. దీనికీ టిక్కెట్టు తియ్యండి" అన్నాడు.

"అలాగైతే దాన్ని కిటికీ కాడ కూకోబెట్టు" అంది వదిన.

కూర్చోబెట్టాడు కూడా. తాడు దారంతా గాలి పోసుకుంటూ వచ్చింది. మేం మాత్రం ఒక ముసలాయన కోడిగంపకూ చింతపండు బస్తాకూ మధ్య ఇరుక్కుని వచ్చాం.

శృంగవరపుకోటలో రాత్రికి ఒక బియ్యం దుకాణం అరుగు దొరికింది. తెచ్చుకున్న అన్నం, వేయించిన ఎండు నెత్తళ్ళు తిని పడుకున్నాం. పొద్దున్న నేను నూతికి వెళ్ళి వచ్చేసరికి వదిన ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వుతోంది. నేను అడగలేదు. అడగవలసింది.

అక్కడినుంచి ఎడ్లబండి. బండి అప్పలసామిది. ఘాటీ ఎక్కడానికి రెండు రోజులు పడుతుంది. వెళ్ళదలచినవారు దుప్పటి మరిచిపోవద్దు, ఎండాకాలమైనా అనంతగిరి దగ్గర రాత్రి వణికిస్తుంది. మొదటి రోజు వదిన దారి పొడుగునా పనసచెట్లు చూపిస్తూ వచ్చింది. రెండో రోజు ముసుగు వేసుకుని పలకడం మానేసింది.

అప్పలసామి నా వైపు వంగి మెల్లిగా అడిగాడు. "ఆయమ్మకి కొత్తగా పెళ్ళయినాదేటమ్మా? మొకం సూపించదు."

ముసుగు లాగి చూద్దును గదా, వదిన ముక్కు దొండపండులా ఉంది. కుడిచేతి వేళ్ళ నిండా బొబ్బలు.

"ఏమయింది వదినా?"

"ఏటవుతాది! కోటలో అరుగు పక్కన సాకలోళ్ళు బట్టలకి నల్లజీడి గింజతో గుర్తెడతంటే సూసినాను. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదట. ఓ గింజ అడిగి నీ తాడుకీ ఎట్టీసినాను. ఆ సేత్తోనే ముక్కు గోకినట్టున్నాను."

బండి ఆపించి తాడు విప్పాను. నల్లటి పట్టీ జానెడు పొడుగున ఉంది. పుల్లతో గీకితే అక్కడ పీచు పొడిగా రాలింది. బట్ట మూలన చిన్న చుక్కకు ఏమీ కాకపోవచ్చు. మనిషి బరువంతా మోస్తూ చెట్టుకు రాసుకునే చోట జీడిరసం పోస్తే? ఆ చోట పట్టుకున్న బుద్రు చేతులు ఏం కావాలి? నాకు ఏడుపు వచ్చింది. నడుమ కోస్తే ఇక తాడెక్కడిది!

"నడుమ ఎలా కొలిచావు వదినా?"

"సుట్టలు లెక్కెట్టి సగం కాడ ఎట్టీసినాను. అంతా విప్పడమెందుకు, దండగ!"

అప్పుడు నాకు ఏడుపు ఆగి నవ్వు వచ్చింది. చుట్టలో లోపలి వరసలు చిన్నవి, బయటి వరసలు పెద్దవి. వరసలు సగమైతే తాడు సగం కాదు. వదిన గుర్తు నడిమికి దరిదాపుల్లో కూడా లేదు. ఆ పట్టీతో సహా లోపలి మూడోవంతు కోసేశాను. ఎందుకైనా మంచిదని అడిగినదానికంటే పొడుగు పేనాను గనక ఇంకా ఆశ ఉంది.

లోయకు చేరేసరికి సాయంత్రం. దానియేలు ఇంట్లో చోడి అంబలి తాగి పడుకున్నాం. మర్నాడు బుద్రు తన కొలతతీగ తెచ్చాడు. కిందటేడు చరియ పైనుంచి కిందికి వదిలి కోసుకున్న తీగ. బడి ముందు తాడు బాగా లాగి సాగదీశాం. రెండు కొసలూ ఒక గుంజకు కట్టి, మడత దాకా నడిచి, తీగ పక్కన పరిచాం. రెండూ సమానం. జానెడు కూడా మిగల్లేదు.

బుద్రు భార్య సుక్రి తీగను వేలితో మీటింది. "ఇది ఎండి ముడుసుకుపోనాది. కొండ ముడుసుకోదు గదా!"

ఎంత ముడుచుకుందో ఎవరికీ తెలియదు. ఇంకో తీగ కొట్టి కొలవాలంటే కొండ ఆ చివరకు పోవాలి. బుద్రు మాత్రం దిగుతానన్నాడు. ఇక నడుమ వేలెడు కూడా తప్పడానికి వీల్లేదు. మడతను మూడుసార్లు చూసి, కొయ్యమేకుతో పేటలు విడదీసి, పీచుకు సూది తగలకుండా ఎర్ర ఊలు దారం దూర్చి కుట్టాను. నేర్చినదాన్ని గదా, మధ్య అని తెలిసేలా "మ" అని కుడదామనుకున్నాను. గుండ్రటి తాడు మీద అది చీమల పుట్టలా వచ్చింది. దానియేలు పంతులై ఉండీ చదవలేకపోయాడు. బుద్రు కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి, "దొరికినాది" అన్నాడు. మసకలో చెట్టుకు తాడు వేసేవాడికి అదే కావాలి.

పొద్దెక్కకముందే చరియకు వెళ్ళాం. ఇక్కడ తాడు దగ్గర కాపలా బావమరిదిదే. అక్క బతుకు పాడవాలని ఏ తమ్ముడూ కోరడు కదా. అయితే బావ గాలిలో వేలాడేటప్పుడు బావమరిది ఏం అడిగినా ఊకొట్టాలన్నదీ ఆచారమే. సుక్రి తమ్ముడి పేరు సోంబ్రు. ఎర్ర దారాన్ని చెట్టుకు సరిగ్గా ఆనించి కూర్చున్నాడు. బుద్రు నడుముకు బుట్ట, పొగకట్ట కట్టుకుని అంచు దాటాడు. కింద చరియ లోపలికి వంగి ఉంది, మనిషి కనిపించడు.

"బావా! మా అక్కకి సంతలో కోక కొంతానన్నావు, కొన్నావేటి?"

"కొంతాన్రా!"

"ఎర్రదా?"

"ఎర్రదేరా! ఈగలు కుడతన్నాయి, నోర్ముయ్!"

"మా అమ్మని ముసలి ఎలుగ్గొడ్డన్నావు. మళ్ళా అంతావా?"

"ఇంకెప్పుడూ అన్ను!"

కాసేపు పొగ, ఈగల హోరు. చెట్టు దగ్గర తాడు కొంచెం కొంచెం ఒణుకుతోంది. అప్పుడు కిందినుంచి కేక.

"తాడు అయిపోయినాది!"

సుక్రి నేల మీద చతికిలబడింది. వదిన నా చెయ్యి పట్టుకుంది, బొబ్బల చేత్తోనే. సోంబ్రు మొహంలో నవ్వు పోయింది.

"బావా! కాళ్ళెక్కడున్నాయి?"

"బండ మీద!"

"మరి అలాగరుత్తావేటి!"

"అయిపోయింది కాబట్టి అయిపోయినాదన్నాను. బండా వొచ్చీసింది, తాడూ అయిపోయినాది. లాగుతన్నాను, వొదులు!"

తాడు కదిలింది. ఎర్ర దారం చెట్టు చుట్టూ తిరిగి, ఎక్కడా తట్టుకోకుండా అంచు దాటి పోయింది. నేను కుట్టిన అక్షరాన్ని నేను చూడడం అదే ఆఖరు. సుక్రి లేచి, కిందున్న మొగుడిని అందరూ వినేలా తిట్టింది. తరువాత నా దగ్గరికి వచ్చి, "కొండకి నీ తాడు ఎరికైనాది" అంది.

తిరుగు ప్రయాణంలో మాతో ఒక కుండ తేనె ఉంది. వదిన ఘాటీ పొడుగునా తేనె ముక్కుకు కొంతా, నోట్లో కొంతా రాసుకుంది. కోసేసిన తాడుముక్కను పారేయనివ్వలేదు. తన నల్లగుర్తుకు గుడ్డ చుట్టి, ఆ ముక్కతోనే కుండను బండికి కట్టించింది. కుండ ఒలకలేదు.

కోటలో అదే మోటారు, అదే కండక్టరు. "పెద్ద తాడేదమ్మా?" అన్నాడు.

"కొండెక్కి కాపరం పెట్టీసినాది" అంది వదిన.

అరకు వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది కొద్దే. గాలి మంచిది, అంబలి మంచిది, మనుషులు గాలిలో వేలాడుతూ కూడా మాట తప్పరు. విజయనగరం దాటాక వదిన ముసుగు తీసి అడిగింది.

"ఏటే, వొచ్చే యేడు తాడు ఎంత పొడుగు పేన్తావు?"

"చరియ లోతుకు రెండింతలు. నువ్వూ వస్తానంటే ఇంకో మూడోవంతు."